గేమ్ ప్యాచ్ వేసే ముందు వెర్షన్ నంబరును ఎలా చదవాలి

పాత హార్డ్ డిస్క్‌లో ఆటల ఫోల్డర్ తెరిచారనుకోండి. ఒకే ఆటకు చెందిన మూడు సెటప్ ఫైళ్లు కనిపిస్తాయి. ఒకదాని పేరు చివర 2.1.0.18 అని ఉంటుంది, ఇంకొకదాని చివర 1.2 అని ఉంటుంది, మూడోదానిలో 1.2 పక్కనే బ్రాకెట్లలో అయిదంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. వీటిలో ఏది కొత్తదని అడిగితే చాలామంది 2.1.0.18 వైపు వేలు చూపిస్తారు. అన్నిటికంటే పాతది ఆ ఫైలే అయ్యే అవకాశం ఎక్కువ.

వెర్షన్ నంబరు చూడటానికి సంఖ్యలా ఉన్నా, పనిచేసే తీరులో అది ఒక పేరు. ఆ పేరును ఆట తయారుచేసినవారు పెట్టారా, ఆటను అమ్మిన దుకాణం పెట్టిందా, ఇన్‌స్టాలర్‌ను కట్టినవారు పెట్టారా అన్నది తెలుసుకోకుండా రెండు నంబర్లను పోల్చి చూడటం, విజయవాడ సిటీ బస్సు నంబరును హైదరాబాద్ సిటీ బస్సు నంబరుతో పోల్చి ఏది ముందు వస్తుందో చెప్పబోవడం వంటిది. కాబట్టి ప్యాచ్ మీద, అంటే ఇప్పటికే ఉన్న ఆటలో మార్పులు చేసే ఫైలు మీద, డబుల్ క్లిక్ చేసే ముందు కింది పనులను ఇదే వరుసలో చేయండి.

మొదట, మీ కంప్యూటర్‌లో ఉన్నది ఏదో తేల్చుకోండి

ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న ఆట ఏ వెర్షనో తెలియకుండా ప్యాచ్ కోసం వెతకడం వృథా. చాలా ఆటలు తమ నంబరును ప్రధాన మెనూలో ఏదో ఒక మూల చిన్న అక్షరాలతో చూపిస్తాయి. అక్కడ కనిపించకపోతే ఆట ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆటను నడిపే ఈఎక్స్‌ఈ ఫైలుపై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉన్న ఫైల్ వెర్షన్, ప్రొడక్ట్ వెర్షన్ అనే రెండు వరుసలనూ రాసుకోండి. ఒక్క జాగ్రత్త అవసరం: ఆటకు ముందు తెరుచుకునే లాంచర్ వేరే ప్రోగ్రామ్, దానికి వేరే నంబరు ఉంటుంది, మీరు చూడవలసినది లాంచర్‌ను కాదు, ఆటను. విండోస్‌లో ఫైల్ వెర్షన్ అంటే నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో గరిష్ఠంగా 65,535 వరకు మాత్రమే పడుతుంది. అంతకంటే పెద్ద బిల్డ్ నంబర్లు (ఆటను కొత్తగా కట్టిన ప్రతిసారీ ఇచ్చే వరుస సంఖ్యలు) వాడే ఆటల్లో మెనూ చెప్పేది ఒకటిగా, ఈ వరుస చెప్పేది ఇంకొకటిగా ఉండటానికి ఇదొక కారణం.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి కౌంటర్ స్ట్రైక్ 1.6ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2003లో వచ్చిన ఈ ఆటలో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ అనే గడి తెరిచి వెర్షన్ అని ఆంగ్లంలో టైప్ చేస్తే మూడు సమాధానాలు వస్తాయి: ప్రోటోకాల్ (ఆట, సర్వర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) 48 అని ఒకటి, 1.1.2తో మొదలయ్యే ఎగ్జిక్యూటబుల్ వెర్షన్ ఒకటి, 4554 వంటి బిల్డ్ నంబరు మరొకటి. అందరి నోళ్లలో నానిన 1.6 మాత్రం అందులో ఎక్కడా ఉండదు, ఎందుకంటే 1.6 అన్నది ఆట పేరులో భాగం. ఎగ్జిక్యూటబుల్ నంబరు ఆ ఆటను మోస్తున్న హాఫ్ లైఫ్ ఇంజిన్‌ది. మా ఇంజినీరింగ్ హాస్టల్‌లో ల్యాన్ మీద ఆడుకునే రోజుల్లో ఒక సాయంత్రం మొత్తం దీని వల్లే పోయింది. ఎనిమిది కంప్యూటర్లలోనూ 1.6 ఉందని అందరూ ప్రమాణం చేశారు, అయినా ముగ్గురు సర్వర్‌లోకి రాలేకపోయారు. సర్వర్ వాడుతున్న ప్రోటోకాల్ 48, మీది 47 అని తెరపై స్పష్టంగా రాసి ఉన్నా, చివరికి కేబుల్ పాడైందని తీర్మానించి పడుకున్నాం. కలిసి ఆడే ఆటల్లో పదిమందీ సరిచూసుకోవలసినది పెట్టె మీది పేరును కాదు, సర్వర్ ఏ నంబరును పరీక్షిస్తుందో ఆ నంబరును.

స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న ఆటైతే లైబ్రరీలో దాని పేరుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అప్‌డేట్స్ భాగం చూడండి. అక్కడ బిల్డ్ ఐడీ ఉంటుంది. ఇది స్టీమ్ ఇచ్చే నంబరు, తయారీదారుల వెర్షన్‌తో దీనికి సంబంధం లేదు. ఒకే ఆటకు చెందిన రెండు బిల్డ్ ఐడీలలో పెద్దది తర్వాత ఎక్కించినదని మాత్రమే దీని నుంచి గ్రహించవచ్చు. తర్వాత ఎక్కించినది కొత్త వెర్షనే అయి ఉండాలన్న నియమం లేదు, పాత వెర్షన్‌కు చేసిన చిన్న మరమ్మతు కూడా కావచ్చు.

ఫైలు పేరులోని అంకెలను విడదీయండి

ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు దాచుకునేవారు ఎక్కువగా వాడే దుకాణం జీఓజీ. దాని పాత ఇన్‌స్టాలర్లలో 2.0.0.5, 2.1.0.18 వంటి నంబర్లు కనిపించేవి. అవి ఆట వెర్షన్లు కావు, ఆ దుకాణం తన ఇన్‌స్టాలర్‌కు ఇచ్చుకున్న నంబర్లు. 1.2 దగ్గర ఆగిపోయిన 1990ల నాటి ఆట కూడా 2.1 అన్న పేరుతో వచ్చేది. తర్వాత ఆ పద్ధతి మార్చి, ముందు ఆట పేరు, తర్వాత తయారీదారుల వెర్షన్, ఆపైన బ్రాకెట్లలో దుకాణం వారి బిల్డ్ నంబరు రాయడం మొదలుపెట్టారు. ఈ కథ తెలిస్తే నేను మొదట చెప్పిన మూడు ఫైళ్ల చిక్కు విడిపోతుంది: 2.1.0.18 పాత పద్ధతిది, బ్రాకెట్లున్నది కొత్త పద్ధతిది.

కాబట్టి ఫైలు పేరును ఒకే ముక్కగా చదవకండి. తయారీదారుల వెర్షన్ రెండు ఫైళ్లలో ఒకటే అయి, బ్రాకెట్లలోని సంఖ్య మాత్రం వేరుగా ఉంటే, ఆట మారకుండా ఇన్‌స్టాలర్ మాత్రమే మారి ఉండవచ్చు. భాష ఒకటి చేర్చి ఉంటారు, లేదా కొత్త విండోస్ కోసం ఏదో సర్ది ఉంటారు. అలాంటప్పుడు మార్పుల జాబితా చదవకుండా 40 జీబీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవలసిన అవసరం లేదు. పెద్ద ఆటలకు ఈఎక్స్‌ఈతో పాటు చివర 1, 2, 3 అన్న అంకెలున్న బిన్ ఫైళ్లు వస్తాయి. ఆ అంకెలు వెర్షన్లు కావు, ముక్కల వరుస సంఖ్యలు. అన్ని ముక్కలూ ఒకే బిల్డ్‌కు చెందినవై, ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. పాత బిల్డ్ బిన్ ఫైలును కొత్త బిల్డ్ ఈఎక్స్‌ఈ పక్కన పెట్టి, పేరును చేత్తో మార్చి మోసపుచ్చాలని చూస్తే ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోతుంది.

సెటప్ ఫైలు మీద కూడా రైట్ క్లిక్ చేసి డీటెయిల్స్ చూడవచ్చు గానీ, అక్కడి నంబరును నమ్ముకోకండి. ఇన్‌స్టాలర్ తయారుచేసేవారు ఆ గడిని నింపకుండా వదిలేయడం సాధారణమే, అప్పుడు 0.0.0.0 అని కనిపిస్తుంది.

చుక్కల లెక్క: డోర్ నంబరా, రూపాయి పైసలా

అసలు గందరగోళం ఇక్కడుంది, కాబట్టి దీని దగ్గర కొంచెం సేపు ఆగుదాం. మన ఊళ్లలో ఇంటి నంబరు 4-9 అయితే తర్వాతి ఇల్లు 4-10 అవుతుంది. 4-10 అన్నది 4-1కీ 4-2కీ మధ్య ఉంటుందని ఎవరూ అనుకోరు. రెండిళ్ల మధ్య ఖాళీ స్థలంలో కొత్తగా కట్టుకుంటే 4-10/ఎ అని రాసుకుంటారు. చాలా సాఫ్ట్‌వేర్ వెర్షన్లు ఈ డోర్ నంబరు లెక్కలోనే నడుస్తాయి: చుక్క దశాంశ బిందువు కాదు, రెండు వేర్వేరు సంఖ్యల మధ్య గీత. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో 1.9 ఫిబ్రవరి 2016లో వచ్చింది, 1.10 అదే ఏడాది జూన్‌లో వచ్చింది. బెడ్‌రాక్ ఎడిషన్‌లో 1.16.20 కంటే 1.16.100 కొత్తది. డయాబ్లో 2లో 1.13సి, 1.14డి వంటి వెర్షన్ల చివరి అక్షరం ఇంటి నంబరు చివరి ఎ, బి వంటిదే.

అయితే కొన్ని ఆటలు రూపాయి పైసల లెక్కలో నడుస్తాయి. సైబర్‌పంక్ 2077 అందుకు మంచి ఉదాహరణ. 2023 సెప్టెంబర్‌లో 2.0 వచ్చింది, ఆ డిసెంబర్‌లో 2.1 వచ్చింది, ఆపైన 2.11, 2.12, 2.13 వరుసగా వచ్చాయి, 2024 డిసెంబర్‌లో 2.2 వచ్చింది. డోర్ నంబరు లెక్క వేసేవారికి 2.2 కంటే 2.13 కొత్తదిగా కనిపిస్తుంది. ఇక్కడ 2.2 అంటే రెండు రూపాయల ఇరవై పైసలు, 2.13 అంటే రెండు రూపాయల పదమూడు పైసలు, కాబట్టి 2.2 పెద్దది. ఈ ఆట విషయంలో పొరబడి, కొత్త ప్యాచ్ ఉండగా పాతదాన్ని వేసుకునేవారు ఉంటే వారిని తప్పుపట్టలేను.

మీ ముందున్న ఆట ఏ లెక్కలో నడుస్తోందో ఒక్క నంబరును చూసి చెప్పడం సాధ్యం కాదు. తయారీదారుల వెబ్‌సైట్‌లో గానీ, దుకాణం పేజీలో గానీ మార్పుల జాబితా తెరిచి, విడుదల తేదీలతో సహా అయిదారు వెర్షన్లను వరుసగా చూడండి. 9 తర్వాత 10 వచ్చి ఉంటే డోర్ నంబరు లెక్క. 13 తర్వాత ఒంటి 2 వచ్చి ఉంటే పైసల లెక్క. 1.09 అని సున్నా పెట్టి రాసే ఆటలు రెండు లెక్కల్లోనూ ఒకే వరుసలో పడతాయి; డయాబ్లో 2 తయారీదారులు 1.09 తర్వాత 1.10 విడుదల చేసినప్పుడు ఎవరికీ సందేహం రాకపోవడానికి కారణం ఆ సున్నాయే. అంత చిన్న మర్యాదను అందరూ ఎందుకు పాటించరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జాబితా దొరకనప్పుడు నంబరును పక్కనపెట్టి విడుదల తేదీని నమ్మండి. ఫైలు మీద కనిపించే తేదీ మీరు డౌన్‌లోడ్ చేసిన లేదా కాపీ చేసిన తేదీ కూడా కావచ్చు, కనుక అది లెక్కలోకి రాదు.

వరుస తెగిన చోట్లు

ఒకే ఆట పేరుతో రెండు వేర్వేరు నంబర్ల వరుసలు నడిచే సందర్భాలు ఇంకా ప్రమాదకరమైనవి. స్కైరిమ్ మొదటి రూపం 1.9.32 దగ్గర ఆగిపోయింది. 2016 అక్టోబర్‌లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ మళ్లీ 1.1 నుంచి మొదలైంది. అందువల్ల 2019లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ 1.5.97 నంబరులో చిన్నదైనా కాలంలో చాలా కొత్తది. 2021 నవంబర్‌లో వచ్చిన 1.6తో దానికి చేసిన చాలా మాడ్‌లు, అంటే ఆటను మార్చడానికి అభిమానులు తయారుచేసే ఫైళ్లు, పనిచేయకుండా పోయాయి. మాడ్‌లకు తోడ్పడే ఎస్‌కేఎస్‌ఈ అనే సహాయక ప్రోగ్రామ్ ఆట ఈఎక్స్‌ఈ ఏ వెర్షనో సరిగ్గా ఆ వెర్షన్‌కు తయారైనదే కావాలని పట్టుబడుతుంది, 1.5.97కు ఎస్‌కేఎస్‌ఈ 2.0.20 కావాలి, దాని నంబరుకూ ఆట నంబరుకూ పోలిక ఉండదు. మాడ్‌లు వాడేవారు ఈ జతలను ఒక కాగితం మీద రాసుకోవలసిందే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో మూల ఆట ఏజ్ ఆఫ్ కింగ్స్ చివరి ప్యాచ్ 2.0ఎ, దాని తర్వాత ఏడాదికి వచ్చిన కాంకరర్స్ విస్తరణకు ప్యాచ్ 1.0సి. విస్తరణ ఆడుతున్నవారు 2.0 పెద్దది కదా అని మూల ఆట ప్యాచ్ వేసుకుంటే, వారు ఆడే ఆటలో ఏమీ మారదు. దీనికి పూర్తిగా తలకిందులైన చిక్కు డూమ్‌ది: 1990ల నాటి మూల డూమ్, అల్టిమేట్ డూమ్, ఫైనల్ డూమ్ మూడూ తమను 1.9 అనే చెప్పుకుంటాయి, కానీ మూడింటి ఈఎక్స్‌ఈలూ వేరు. నంబరు కలిసినంత మాత్రాన ఫైలు ఒకటే అనుకోకూడదన్నమాట.

నంబరు ఒక్కసారిగా ఎగిరి దూకడం కూడా ఉంది. విచర్ 3 చాలాకాలం 1.3 శ్రేణిలో ఉండి, 2022 డిసెంబర్ 14న నేరుగా 4.00 అయింది, మధ్యలో 2, 3 లేవు, వాటికోసం వెతకకండి. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ 0.47.05 నుంచి ముందున్న సున్నాను వదిలేసి 50.01కి వెళ్లింది. మైన్‌క్రాఫ్ట్ 1.21 శ్రేణి తర్వాత ఏడాదిని బట్టి నంబరు పెట్టే పద్ధతికి మారి, 2026లో మొదటి విడుదలకు 26.1 అని పేరు పెట్టింది. ఇలా వరుస తెగిన చోట పాత వరుసకు చేసిన మాడ్‌లు గానీ, ప్యాచ్‌లు గానీ కొత్తదానికి పనికొస్తాయని భావించకుండా, తయారీదారులు స్పష్టంగా చెప్పినప్పుడే వాడండి.

ప్యాచ్ ఎక్కడి నుంచి ఎక్కడికో చూడండి

ప్యాచ్‌లు రెండు రకాలు. మొదటిది అంతకు ముందు ప్యాచ్‌లన్నిటినీ తనలో కలుపుకొని ఉంటుంది, అందువల్ల చివరిది ఒక్కటి వేస్తే చాలు. రెండోది ఒక నిర్దిష్ట వెర్షన్ నుంచి తర్వాతి వెర్షన్‌కు మాత్రమే తీసుకెళుతుంది. ఫైలు పేరులో ఫలానా బిల్డ్ నుంచి ఫలానా బిల్డ్‌కు అని రెండు నంబర్లు ఉంటే అది రెండో రకం. మొదటి నంబరు మీ దగ్గర ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అలాంటి ప్యాచ్‌లు నాలుగు ఉంటే నాలుగింటినీ వరుస తప్పకుండా వేయాలి, మధ్యలో ఒకటి లేకపోతే అక్కడితో దారి మూసుకుపోతుంది. అప్పుడు కొత్త ఇన్‌స్టాలర్‌ను పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకోవడమే మార్గం. రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద ఆధారపడినవారు డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందే ప్యాచ్‌లన్నిటి పరిమాణాలనూ కూడి, పూర్తి ఇన్‌స్టాలర్ పరిమాణంతో పోల్చి చూడటం మంచిది. కొన్నిసార్లు ప్యాచ్‌ల మొత్తమే ఎక్కువ తేలుతుంది.

రెండో రకం ప్యాచ్‌లు పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే మోసుకొస్తాయి. అందుకే మార్చబోయే ఫైలు తాము అనుకున్న ఫైలే అవునా కాదా అని ముందు పరీక్షిస్తాయి. 1990ల ఆటల ప్యాచ్‌లలో కనిపించే, అదే పేరుతో ఫైలు దొరికింది గానీ లోపలి విషయం కలవడం లేదు, అప్‌డేట్ చేయలేదు అన్న అర్థం వచ్చే సందేశానికి మూలం ఇదే. మాడ్ వేసి ఉన్నా, వేరే దేశానికి విడుదలైన ప్రతి అయినా, వేరే భాష ప్రతి అయినా ఈ సందేశమే వస్తుంది. అది వచ్చినప్పుడు ప్యాచ్‌ను బలవంతంగా రుద్దే మార్గాలు వెతక్కుండా, ఆటను తీసివేసి మూల ఇన్‌స్టాలర్ నుంచి శుభ్రంగా మళ్లీ మొదలుపెట్టండి.

కొత్తది ఎప్పుడూ మేలు అనే నియమం కూడా లేదు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో శాన్ ఆండ్రియాస్ కంప్యూటర్ రూపంలో 2005 నాటి 1.0 ప్రతినే మాడ్‌లు చేసేవారు నేటికీ కోరుకుంటారు, ఎందుకంటే ఆటలో దాగి ఉన్న అశ్లీల సన్నివేశం బయటపడి రేగిన హాట్ కాఫీ వివాదం తర్వాత విడుదల చేసిన కొత్త రూపం మాడ్‌లకు అడ్డుపడింది.

సేవ్ ఫైళ్లను దాచి, ఆ తర్వాతే వేయండి

కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ఆట పాత వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న హామీ లేదు. కాబట్టి డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, యూజర్ ఫోల్డర్‌లో సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా ఫోల్డర్లలో వెతికి మీ సేవ్ ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పాత ఆటలు వాటిని ఆట ఫోల్డర్‌లోనే ఉంచుతాయి. తర్వాత మూల ఆట, ఆపైన విస్తరణ, చివరికి ప్యాచ్ అన్న వరుసలో ఇన్‌స్టాల్ చేయండి. ప్యాచ్ ముందు వేసి, విస్తరణ డిస్క్ తర్వాత పెడితే, ఆ డిస్క్‌లోని పాత ఫైళ్లు ప్యాచ్ చేసిన పనిని చెరిపివేయవచ్చు. అదనపు భాగాలకు వేరే ఇన్‌స్టాలర్లు ఉన్నప్పుడు వాటి వెర్షన్ మూల ఆట వెర్షన్‌తో కలిసిందో లేదో కూడా చూసుకోండి. పని పూర్తయ్యాక ఆటను తెరిచి, మెనూలోని నంబరును మీరు ముందు రాసుకున్న నంబరుతో పోల్చండి. మారకపోతే ప్యాచ్ వేరే ఫోల్డర్‌కు వెళ్లి ఉంటుంది. రెండు డ్రైవ్‌లలో ఆట ఉన్నవారికి ఇది తరచూ జరుగుతుంది.

ఇక స్టీమ్ వంటి చోట్ల ఆట దానంతటదే అప్‌డేట్ అవుతుంది. మాడ్‌ల కోసం పాత వెర్షన్‌లోనే ఉండాలనుకుంటే ప్రాపర్టీస్‌లో ఆటను తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చేయమన్న ఎంపిక పెట్టండి. బీటాస్ భాగంలో పాత శాఖలు ఏవైనా ఉంచారేమో కూడా చూడండి. తయారీదారులు ఉంచినప్పుడు వెనక్కి వెళ్లడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఫోన్‌లో ఆడేవారికి ఒక్క మాట. ఆండ్రాయిడ్ ఆటలకు కంటికి కనిపించే వెర్షన్ పేరు ఒకటి, లోపల వెర్షన్ కోడ్ అనే పూర్ణసంఖ్య ఒకటి ఉంటాయి. ఫోన్ పోల్చేది ఆ లోపలి సంఖ్యనే. అది ఇప్పుడున్నదానికంటే తక్కువైతే, పైన కనిపించే పేరు ఎంత పెద్దదైనా యాప్ ఇన్‌స్టాల్ కాలేదన్న సందేశమే మిగులుతుంది.

మీ దగ్గరి ఫైళ్లకు మీరే పేరు పెట్టుకోండి

దాచుకున్న సెటప్ ఫైళ్ల పేర్లను మార్చకండి, బిన్ ముక్కలతో వాటి జత తెగిపోతుంది. వాటిని ఉంచే ఫోల్డర్‌కు మాత్రం విడుదల తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో ముందు రాసి, తర్వాత ఆట పేరు, తయారీదారుల వెర్షన్, దుకాణం బిల్డ్ రాయండి. ఏడాది ముందు ఉండటం వల్ల విండోస్ వాటిని దానంతటదే సరైన కాలక్రమంలో పేరుస్తుంది, చుక్కల లెక్కతో ఇక పనిలేదు. ఒకే పేరున్న రెండు ఫైళ్లు నిజంగా ఒకటేనా అన్న సందేహం వస్తే, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశాన్ని హ్యాష్‌ఫైల్ ఎంపికతో నడిపి, రెండింటి ఎస్‌హెచ్‌ఏ256 విలువలను (ఫైలు లోపలి విషయం నుంచి లెక్కకట్టే వేలిముద్ర వంటివి) పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అవి వేర్వేరు ఫైళ్లు.

అదే ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు పెట్టి అయిదు విషయాలు రాయండి: మెనూలో కనిపించే వెర్షన్, ఈఎక్స్‌ఈ డీటెయిల్స్‌లోని వెర్షన్, దుకాణం బిల్డ్, వేసిన ప్యాచ్‌ల వరుస, వాడుతున్న మాడ్‌లు వాటి వెర్షన్‌లతో సహా. రెండేళ్ల తర్వాత కంప్యూటర్ మార్చినప్పుడు ముందుగా తెరవవలసింది ఆ ఫైలునే.